నెహ్రూ-గాంధీ కుటుంబం: ఇల్లు పార్టీని పట్టుకుందా, పార్టీ ఇంటిని పట్టుకుందా?

కొత్తబండి (రాత్రి 8:12)

అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఆధునిక చరిత్ర నోట్స్ రాసుకుంటూ ఒకచోట ఇరుక్కుపోయాను. మోతీలాల్, జవహర్‌లాల్ దాకా ఇంటిపేరు నెహ్రూ. ఇందిర దగ్గర్నుంచి గాంధీ. మా రూమ్మేట్ ఒకడు మహాత్ముడు దత్తత తీసుకున్నాడంటాడు, ఇంకొకడు ఆమె మహాత్ముడి మనవడిని చేసుకుందంటాడు. ఏది నిజం?

పనిలో పనిగా ఇంకో డౌటు. ఐదు తరాలు ఒకే ఇంట్లోంచి ఒకే పార్టీ మీద పట్టు నిలబెట్టుకోవడం ఎలా కుదిరింది? వాళ్లే వేలాడారా, పార్టీయే వదల్లేదా? తిట్టుకోకుండా చెప్పండి, పరీక్ష దగ్గర్లో ఉంది.

పాతపేపర్లు (రాత్రి 8:40)

రెండూ అబద్ధమే తమ్ముడూ. ఇందిర భర్త ఫిరోజ్ గాంధీ పార్సీ. 1912లో బొంబాయిలో పుట్టాడు. గాంధీ అన్న ఇంటిపేరు గుజరాతీ మాట్లాడే చాలా కులాల్లో, మతాల్లో ఉంది. మహాత్ముడికీ ఇతనికీ ఏ చుట్టరికమూ లేదు. 1942 మార్చి 26న అలహాబాద్‌లో, ఆనంద్ భవన్‌లో పెళ్లయింది. నెహ్రూకి మొదట్లో ఇష్టం లేదు, మహాత్ముడు ఆ పెళ్లిని సమర్థించాడు. ఆ రోజు ఇందిర కట్టుకున్నది తండ్రి జైల్లో వడికిన నూలుతో నేసిన ఖద్దరు చీర. ఆర్నెల్లు తిరక్కుండానే మొగుడూ పెళ్లాలిద్దరూ క్విట్ ఇండియాలో జైలుకెళ్లారు.

నెహ్రూ అన్నది కూడా మొదటి ఇంటిపేరు కాదు. వాళ్లు కాశ్మీరీ పండితులు, అసలు ఇంటిపేరు కౌల్. పూర్వీకుడికి ఢిల్లీలో కాలువ పక్కన ఇల్లు ఇచ్చారట. కాలువని 'నహర్' అంటారు కాబట్టి కౌల్-నెహ్రూ అయ్యారు. పోను పోను కౌల్ రాలిపోయింది. జవహర్‌లాల్ తన గురించి రాసుకున్న పుస్తకంలోనే ఈ సంగతి ఉంది.

సీమటపాకాయ (రాత్రి 8:51)

అంటే ఆ ఇంట్లో ఇంటిపేరు తప్ప అన్నీ వారసత్వమే అన్నమాట.

కృష్ణలంక (రాత్రి 8:58)

టపాకాయ్ అన్నా, మొదటి పావుగంటలోనే పేల్చేశావు 😀

కొత్తబండీ, నీ రెండో డౌటుకి నా జవాబు సూటిగా: వాళ్లే వేలాడారు. 1929లో లాహోర్ కాంగ్రెస్ మహాసభ చూడు. అంతకుముందు ఏడాది కలకత్తాలో అధ్యక్షుడు మోతీలాల్. లాహోర్‌లో అధ్యక్షుడు కొడుకు. తండ్రి దిగిన కుర్చీలో కొడుకు కూర్చున్నాడు. పునాది అక్కడే పడింది.

పాతపేపర్లు (రాత్రి 9:20)

కృష్ణలంక గారూ, ఆ కథ ఇంకొంచెం ఉంది. 1929లో ప్రాంతీయ కమిటీల్లో 10 గాంధీజీ పేరు చెప్పాయి, 5 పటేల్ పేరు, 3 మాత్రమే జవహర్ పేరు. గాంధీజీ తనకొద్దన్నాడు, పటేల్ తప్పుకున్నాడు, జవహర్‌కి దక్కింది. మోతీలాల్ అంతకు ఏడాది ముందే కొడుకు పేరు గాంధీజీకి రాసిన మాట కూడా నిజమే. కాబట్టి తండ్రి ప్రయత్నం లేదనను. కానీ అప్పటి అధ్యక్ష పదవి అంటే ఏమిటి? ఏడాది ముచ్చట, ఆ వెంటనే జైలు. జవహర్‌లాల్ మొత్తం మీద జైల్లో గడిపింది దాదాపు తొమ్మిదేళ్లు. ఇప్పటి టికెట్లతో పోల్చకూడదు.

ఇంకోటి. మోతీలాల్ తండ్రి గంగాధర్ 1857కి ముందు ఢిల్లీలో కొత్వాల్, అంటే నగర పోలీసు అధికారి. మోతీలాల్ 1861లో పుట్టేనాటికే ఆయన చనిపోయాడు. పెద్దన్నల చేతిలో పెరిగిన పిల్లవాడు వకీలు వృత్తిలో సంపాదించి అలహాబాద్‌లో అంత పెద్ద ఇల్లు కొన్నాడు. అంటే ఈ వంశంలో మొదటి తరం మాత్రం స్వార్జితమే.

తులసికోట (రాత్రి 9:44)

ఇల్లు అన్నారు కాబట్టి. కుంభమేళాకి ప్రయాగ వెళ్లినప్పుడు ఆనంద్ భవన్ చూశాం. అక్కడ రెండు ఇళ్లున్నాయి. పాత ఇంటిని మోతీలాల్ 1930లో కాంగ్రెస్‌కి ఇచ్చేశారు, స్వరాజ్ భవన్ అంటే అదే. పక్కన కట్టుకున్న కొత్త ఇంటికి ఆనంద్ భవన్ పేరు పెట్టుకున్నారు. దాన్ని ఇందిర 1970లో ప్రభుత్వానికి ఇచ్చారు, ఇప్పుడు మ్యూజియం.

గదుల్లోకి పోనివ్వరు, అద్దాల్లోంచి చూడాలి. నెహ్రూ గది నిండా పుస్తకాలే. గాంధీగారు దిగే గది ఒకటి, వర్కింగ్ కమిటీ కూర్చునే గది ఒకటి. నాకు నవ్వొచ్చింది దేనికంటే, మా పుట్టింట్లో పెళ్లిమాటలకి కూర్చునే హాలు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ గదిలో కూర్చుని దేశం గురించి తీర్మానాలు చేశారు. భోజనాల గదికీ ఆ గదికీ మధ్య నాలుగడుగులు. ఆ ఇంట్లో ఒక్కగానొక్క పిల్లగా పెరిగిన ఇందిరకి ఇల్లేదో పార్టీ ఏదో విడిగా ఎప్పుడు తెలిసుంటుంది?

సీమటపాకాయ (రాత్రి 9:49)

ముందు ఇల్లు పార్టీకిచ్చారు, తర్వాత పార్టీని ఇంటికి తెచ్చుకున్నారు. లెక్క సరిపోయింది.

లెక్కలమాష్టారు (రాత్రి 10:15)

లెక్క అన్నారు కాబట్టి నేను దిగుతున్నా.

1947 ఆగస్టు నుంచి 1989 డిసెంబరు మొదటి వారం దాకా 42 ఏళ్లు. అందులో నెహ్రూ దాదాపు 16 ఏళ్ల 9 నెలలు, ఇందిర రెండు విడతలూ కలిపి 16 ఏళ్లకి రెండు వారాలు తక్కువ, రాజీవ్ ఐదేళ్ల పైన ఒక నెల. మొత్తం 38 ఏళ్లకి కాస్త తక్కువ. శాస్త్రి, నందా, మొరార్జీ, చరణ్‌సింగ్ కలిపి నాలుగున్నరేళ్లు కూడా లేరు.

ఇక రెండో సగం. 1989 డిసెంబరు 2న రాజీవ్ దిగాక ఈ రోజు వరకు ఆ ఇంట్లోంచి ఒక్క ప్రధాని లేడు. ముప్పయ్యైదేళ్లు దాటింది. కాంగ్రెస్ ప్రభుత్వాలు వచ్చాయి, పీవీ ఐదేళ్లు, మన్మోహన్ పదేళ్లు. ఇంటివాళ్లు మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేదు.

అదే పార్టీ అధ్యక్ష పదవి చూస్తే మోతీలాల్, జవహర్, ఇందిర, రాజీవ్, సోనియా, రాహుల్, ఆరుగురు. సోనియా ఒక్కరే 1998 నుంచి 2017 దాకా, మళ్లీ 2019 నుంచి 2022 దాకా తాత్కాలికంగా. కొత్తబండీ, నువ్వు 'పట్టు' అని రాశావు చూడు, అది దేశం మీదా పార్టీ మీదా అన్నది విడదీసి రాసుకో. మార్కులు అక్కడ పడతాయి.

కొత్తబండి (రాత్రి 10:22)

మాష్టారూ దండాలు. ఇది ఏ గైడులోనూ లేదు.

పాతపేపర్లు (రాత్రి 11:05)

నా దగ్గర పాత పేపర్ల కట్టలు చాలానే ఉన్నాయి. వాటిని తిరగేసినప్పుడల్లా నాకు కనిపించేది ఒక్కటే. ఆ ఇంట్లో పదవి చేతులు మారిన తేదీలు చూడండి, ఒకటి రెండు తప్ప ప్రతిసారీ చావు ఇంట్లోనే మారింది.

1964 మే 27న నెహ్రూ పోయాడు. అప్పుడు కూతుర్ని కూర్చోబెట్టలేదు. పార్టీ అధ్యక్షుడు కామరాజ్ అందరినీ అడిగి శాస్త్రిని తేల్చాడు. 1966 జనవరిలో శాస్త్రి తాష్కెంట్‌లో చనిపోయాడు. మొరార్జీ అంటే సిండికేట్ అని పిలిచే పార్టీ పెద్దల జట్టుకి భయం, మాట వినడని. ఇందిర అయితే చెప్పినట్టు వింటుందనుకున్నారు. ఎంపీల ఓటింగులో ఆమెకి 355, మొరార్జీకి 169. నాయన పేరుకి ఓట్లు పడతాయి, పెత్తనం మనకుంటుంది అన్నది వాళ్ల లెక్క. మూడేళ్లలో ఆ లెక్క తప్పింది, 1969లో పార్టీయే రెండు ముక్కలైంది.

1984 అక్టోబరు 31. పొద్దున ఇందిరను కాల్చారు, సాయంత్రానికి రాజీవ్ ప్రమాణం. 1991 మే 21న రాజీవ్ శ్రీపెరుంబుదూర్‌లో పోయాడు. ఆ మర్నాడే వర్కింగ్ కమిటీ సోనియాని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది, ఆమె అప్పటికి పార్టీలో ఏ పదవిలోనూ లేదు. వద్దంది. మళ్లీ 1998లో పార్టీ చితికిపోయినప్పుడు సీతారాం కేసరిని దింపి ఆమెను ఎక్కించారు.

శవం ఇంకా ఇంట్లో ఉండగానే కొడుకు చేతికి తాళాలిచ్చే పెద్దమనుషులు పల్లెటూళ్లలోనూ ఉంటారు. వాళ్లకి కావలసింది కొడుకు కాదు. తగాదా లేకుండా రేపు పొద్దున కొట్టు తెరవడం. కాబట్టి నా ఓటు, పార్టీయే ఇంటిని పట్టుకుంది.

కృష్ణలంక (రాత్రి 11:31)

పాతపేపర్లు గారూ, మీరు చెప్పే పద్ధతి బాగుంటుంది, అందుకే భయం. ఇందిర చిన్న కొడుకు సంజయ్‌ని మీరు దాటేశారు. అతన్ని ఎవరు పట్టుకున్నారు? ఏ శవం ముందు? ఎమర్జెన్సీలో అతనికి పదవి లేదు, ఎంపీ కాదు, మంత్రి కాదు. ముఖ్యమంత్రులు ఎయిర్‌పోర్టుల్లో నిలబడి దండలేశారు. అది తల్లి ఇచ్చిన పెత్తనం కాదా? 1980 జూన్ 23న విమానం కూలి పోయాడు గానీ, ఉండుంటే 1984లో రాజీవ్ ఊసే ఉండేది కాదు. రాజీవ్‌ని కూడా పైలట్ ఉద్యోగం మాన్పించి 1981లో తమ్ముడి సీటు అమేథీలో నిలబెట్టింది తల్లే కదా.

పాతపేపర్లు (రాత్రి 11:40)

సంజయ్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నా. అక్కడ నా వాదన నిలవదు.

తులసికోట (రాత్రి 11:52)

ఎమర్జెన్సీ అన్నారు కాబట్టి ఫిరోజ్ గాంధీ గురించి ఒక్క మాట. అందరూ ఇంటిపేరిచ్చి పక్కకెళ్లిపోయిన మనిషిలా చూస్తారు గానీ, ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి ఆయనే. రాయబరేలీ ఎంపీ, మామగారి పార్టీయే. అయినా ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎల్‌ఐసీ డబ్బు ఎలా పెట్టారో లోక్‌సభలో నిలబడి అడిగాడు. 1958 ఫిబ్రవరిలో మామగారి ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేయాల్సొచ్చింది.

అంతకుముందు 1956లో ఆయన పట్టుబట్టి ఒక చట్టం తెచ్చాడు. పార్లమెంటులో మాట్లాడింది ఉన్నదున్నట్టు అచ్చువేస్తే పేపర్ల మీద కేసు పెట్టకూడదని. ఆయన 1960లో, 48 కూడా నిండకుండా పోయాడు. ఎమర్జెన్సీలో, 1976లో, ఆ చట్టాన్ని భార్య ప్రభుత్వమే రద్దు చేసింది. జనతా వాళ్లు వచ్చాక మళ్లీ తెచ్చారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

సీమటపాకాయ (రాత్రి 11:58)

అక్కా, మొగుడి మాట పెళ్లాం కొట్టేయడం మా ఇంట్లో రోజూ ఉండేదే. దానికి అన్నం మానేస్తే ఎట్లా. (జోకు మాత్రమే. ఆ చట్టం సంగతి నాకు తెలీదు, థాంక్స్.)

లెక్కలమాష్టారు (ఉదయం 6:30)

ఆ ఇంట్లో ఎదురు చెప్పినవాళ్లు ఇంకా ఉన్నారు. నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మీ పండిట్, 1953లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభకి అధ్యక్షురాలైన మొదటి మహిళ. అన్న పోయాక ఆయన సీటు ఫుల్పూర్‌లో గెలిచింది. 1977 ఎన్నికల్లో అదే మేనత్త, మేనకోడలికి వ్యతిరేకంగా ప్రచారం చేసింది. సంజయ్ భార్య మేనక 1982లో అత్తగారిల్లు వదిలి, 1984లో అమేథీలో బావగారి మీదే పోటీ చేసి ఓడింది. తర్వాత మేనక, ఆమె కొడుకు వరుణ్ బీజేపీ ఎంపీలయ్యారు. వంశం అంటే అంతా ఒక కండువా అనుకోకండి.

మెతుకుసీమ (ఉదయం 7:45)

రాత్రి డ్యూటీలో ఉండి ఇప్పుడు చదివిన. ఇంత పెద్ద చర్చలో మా మెదక్ పేరు ఎవ్వరూ ఎత్తలేదు. ఏమన్నా న్యాయమా?

1977లో ఇందిరమ్మ రాయబరేలీలో రాజ్‌నారాయణ్ చేతిల ఓడిపోయింది. 1978లో కర్ణాటకల చిక్‌మగళూరు ఉపఎన్నిక గెలిస్తే, డిసెంబర్ల లోక్‌సభ నుంచే బహిష్కరించిన్రు. 1980కి వచ్చేసరికి రాయబరేలీ మీద ధీమా లేక ఇంకో సీటు చూస్కోవాలె. అప్పుడు వచ్చింది మెదక్‌కి. ఎదురుగా జైపాల్‌రెడ్డి, జనతా. రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది. రాయబరేలీ కూడా గెలిచి, దాన్ని వదిలి మెదక్ పెట్టుకుంది. ఆమె చనిపోయిన రోజు ఆమె మా ఎంపీ. చాలామందికి తెలియదు ఇది.

1984 జూలైలో మా దిక్కు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. యుద్ధ వాహనాలు తయారుచేస్తరు అక్కడ. మా బంధువుల్లో సగంమందికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీ అది.

మా అమ్మ 1980లో ఓటేసింది. సాయంత్రం అడిగి రాస్తా.

పాతపేపర్లు (ఉదయం 9:10)

మెతుకుసీమ గారు మంచి తీగ లాగారు. ఈ ఇంటికీ తెలుగువాళ్లకీ ఉన్న లెక్కే వేరు. దేశమంతా ఒకవైపు పోతే మనం రెండో వైపు పోయాం, ఒకసారి కాదు.

1977లో ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 గెలిచింది. ఆ మిగిలిన ఒక్కటి నంద్యాల, నీలం సంజీవరెడ్డి. ఆ మనిషి కథ చూడండి. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో పార్టీ అభ్యర్థి ఆయనే, ఇందిర ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమంటూ పోటీలో ఉన్న వి.వి.గిరికి ఊపిరిపోసింది, ఈయన ఓడిపోయాడు. గిరిగారూ తెలుగువాడే. ఎనిమిదేళ్లకి సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యాడు. 1980 జనవరి 14న ఇందిర చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది ఎవరనుకున్నారు? ఆయనే. ఆ నిమిషాన ఇద్దరి మొహాలూ చూడాలనిపిస్తుంది నాకు.

1984లో ఇందిర చనిపోయిన సానుభూతిలో రాజీవ్ పార్టీకి 400 దాటాయి. మన దగ్గర 42లో తెలుగుదేశం 30. లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం ఒక ప్రాంతీయ పార్టీ అయింది. హన్మకొండలో పీవీ ఓడిపోయాడు, బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో అది ఒకటి. 1989లో రాజీవ్ దేశంలో ఓడాడు, ఇక్కడ 42లో 39 గెలిచాడు.

కృష్ణలంక (ఉదయం 9:34)

1984కి కారణం 1982లో ఉంది. నాలుగేళ్ల పైచిలుకులో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. పేర్లు రాష్ట్రంలోవి, కవరు ఢిల్లీ నుంచి. దానికి తోడు 1982 ఫిబ్రవరిలో బేగంపేట ఎయిర్‌పోర్టు. ఇందిర కొడుకు వస్తున్నాడని అంజయ్య డప్పులు, దండలు, జనంతో వెళ్లాడు. రాజీవ్‌కి ఆ ఆర్భాటం నచ్చక అందరి ముందూ కసిరాడు. అప్పటికి రాజీవ్ ఎవరు? ఒక ఎంపీ, ఏడాది కూడా నిండలేదు. అంజయ్య ఎవరు? ఈ రాష్ట్ర ముఖ్యమంత్రి, కార్మికుడిగా మొదలై పైకొచ్చినవాడు. అదే నెల్లో ఆయన్ని దింపేశారు. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రి.

మా నాన్న కాంగ్రెస్ మనిషి. కాడెద్దుల నుంచి ఆవూ దూడకీ, అక్కడి నుంచి హస్తానికీ గుర్తులు మారినా ఆయన మారలేదు. ఎయిర్‌పోర్టు వార్త చదివిన రోజు పేపరు మడిచి అరుగు మీద పెట్టి, 'మనవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి తిట్టాడ్రా' అన్నాడట. 83లో సైకిల్‌కి గుద్దాడు. మళ్లీ 84 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్లని కూర్చోబెట్టినప్పుడు నెల రోజులు రోడ్ల మీదే ఉన్నాడు.

సీమటపాకాయ (ఉదయం 10:02)

మరి ఇప్పుడు తెలుగుదేశంలో వారసులు లేరా సామీ? ఏ పార్టీలో లేరు? కాశ్మీరులో అబ్దుల్లాలు మూడు తరాలు, శ్రీలంకలో బండారనాయకే భర్త, భార్య, కూతురు. ఒక్క ఇంటినే ఎందుకు తిడతారు?

కృష్ణలంక (ఉదయం 10:09)

ఉన్నారు, తిడతాను, దానికి వేరే చర్చ పెట్టు. ఇక్కడ అడిగింది ఆ ఇంటి గురించి. పైగా దారి చూపింది ఎవరో ఆలోచించు.

గట్టుమీదకాపు (ఉదయం 10:40)

పీవీని ఎవరూ ఎత్తలేదేం? 1991లో ఎన్నికల్లో నిలబడకుండా మూటాముల్లె సర్దుకుంటున్న మనిషి ప్రధాని అయ్యాడు. నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడు ప్రధాని అవుతుంటే పోటీ ఏమిటని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. ఐదు లక్షలకు పైగా మెజారిటీ. ఆ ఇంటి మనిషి కాకుండా ఐదేళ్లూ నిలబడిన మొదటి కాంగ్రెస్ ప్రధాని ఆయనే. 2004 డిసెంబర్లో పోతే ఢిల్లీలో పార్టీ ఆఫీసు గేటు లోపలికి భౌతికకాయం వెళ్లలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో. ఆ ఇల్లు ఆ గౌరవం కూడా ఇవ్వలేదు. ఇక 2014లో మన రాష్ట్రాన్ని అడ్డంగా...

మెతుకుసీమ (ఉదయం 10:46)

అన్నా, అడ్డంగా అనకు. మాకు అది అరవై ఏండ్ల కొట్లాట. సోనియమ్మ మాట నిలబెట్టుకుంది.

గట్టుమీదకాపు (ఉదయం 10:48)

మీకు నిలబెట్టుకుంది, మా దగ్గర పార్టీ డిపాజిట్లు పోయాయి. 2009లో దేశంలో వచ్చిన 206లో 33 ఇచ్చిన రాష్ట్రం మాది. 2014లో ఆంధ్రలో సున్నా. లెక్కలమాష్టార్ని అడుగు.

నిర్వాహకుడు (ఉదయం 11:00)

విభజన చర్చకి వేరే విభాగం ఉంది, అక్కడ ఇప్పటికే 900 పోస్టులున్నాయి. దయచేసి అటు వెళ్లండి. దీని తర్వాత వచ్చిన ఏడు పోస్టులు తీసేశాను. ఎవరికీ వార్నింగ్ ఇవ్వలేదు, ఇవాళ మూడ్ బాగుంది.

లెక్కలమాష్టారు (మధ్యాహ్నం 1:20)

33 నిజమే, అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ అదే. అంతకుమించి మాట్లాడను, మూడ్ పాడవుతుంది.

పాతపేపర్లు గారి చావు ఇంటి మాట మీద ఒక చేర్పు. 2004, రాహుల్ రాక, చావు ఇంట్లో కాదు. తల్లి అమేథీ వదిలి రాయబరేలీ వెళ్లింది, కొడుకు అమేథీలో దిగాడు. అదే ఏడాది సోనియా ప్రధాని పదవి వద్దంది. ఒక చేత్తో వదులుకుంది, ఇంకో చేత్తో సీటు కొడుక్కిచ్చింది. మీ రెండు పక్షాలకీ చెరో సగం.

రాహుల్ 2017 డిసెంబర్లో అధ్యక్షుడు. 2019లో అమేథీలో 55 వేల తేడాతో స్మృతి ఇరానీ చేతిలో ఓడి, వయనాడ్‌లో గెలిచాడు. ఓటమి నాదంటూ అధ్యక్ష పదవి వదిలి, తర్వాతి వాళ్లని మా ఇంట్లోంచి ఎంచుకోవద్దన్నాడు. అప్పుడు పార్టీ ఏం చేసింది? ఇంకెవర్నీ తేల్చుకోలేక అమ్మనే మళ్లీ తాత్కాలికం అని కూర్చోబెట్టింది. ఆ తాత్కాలికం మూడేళ్లు నడిచింది. 2022 అక్టోబరులో ఖర్గే గెలిచాక గానీ ముడి వీడలేదు. ఈ ఒక్క ఘట్టం మాత్రం నూటికి నూరుపాళ్లు పాతపేపర్లు గారి వాదనే.

తులసికోట (మధ్యాహ్నం 2:05)

వీడిందా? 2024లో రాహుల్ రెండు చోట్ల గెలిచి రాయబరేలీ ఉంచుకున్నాడు, వయనాడ్ చెల్లెలికి వెళ్లింది. తల్లి రాజ్యసభ. అందరూ గెలిచే వచ్చారు, కాదనను. కానీ ఒకే కాలంలో తల్లి, కొడుకు, కూతురు ముగ్గురూ పార్లమెంటులో. ఖర్గేగారు సంతకం పెట్టే పెన్ను ఆయన జేబులోదేనా అని మా అత్తగారు అడుగుతున్నారు.

పాతపేపర్లు (మధ్యాహ్నం 2:30)

మీ అత్తగారిని సభ్యురాలిగా చేర్పించండి.

కొత్తబండి (సాయంత్రం 5:50)

అందరికీ థాంక్స్. నోట్స్ పదకొండు పేజీలైంది. మెతుకుసీమ అన్నా, అమ్మని అడిగావా?

మెతుకుసీమ (రాత్రి 9:15)

అడిగిన. ఒక గంట కూర్చోబెట్టింది. ఫోన్ల రికార్డు చేసిన, ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

1980లో ఇందిరమ్మ మీటింగుకి మా ఊరి నుంచి లారీల పోయిన్రట. అమ్మకి అప్పుడు ఇరవై రెండేండ్లు, చంకన మా అక్క. దూరం నుంచి తెల్ల చీర, తల మీద కొంగు, అంతే కనిపించింది. "ఏం మాట్లాడింది?" అంటే "హిందీల మాట్లాడింది బిడ్డా, నాకేం సమజయితది. చెయ్యి ఊపింది. చెయ్యి గుర్తే గదా, గుర్తు సూపిస్తుంది అనుకున్న" అన్నది.

84ల సంగతి అడిగిన. రేడియోల పాటలు బంద్ అయినయట, ఒకటే ఏడుపు వాయిద్యం. బాయికాడికి వచ్చి ఎవరో చెప్పిన్రు. మన ఎంపీ చచ్చిపోయిందని ఎవ్వరూ అనలేదట. ఇందిరమ్మ పోయిందన్నరు. ఆ రాత్రి మా ఇంట్ల పొయ్యి అంటుపెట్టలే. గోడకి ఉన్న క్యాలెండర్ బొమ్మకి నానమ్మ బొట్టు పెట్టింది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆమె పోయిన రెండు నెలలకే, డిసెంబర్ల, మెదక్ సీటు తెలుగుదేశం గెలిచింది. దేశమంతా ఆమె కొడుక్కి వేస్తుంటే, ఆమె సొంత సీటు పోయింది. "నువ్వెవరికి వేసినవ్ అమ్మా?" అని అడిగిన. జర సేపు నవ్వి, సైకిల్‌కే అన్నది.

"మరి పొయ్యి అంటుపెట్టలే అంటివి?"

"ఆమె కోసం ఏడ్సినం. ఓటు కొడుక్కి అడిగిన్రు. రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తుండె, నలుగురు పిల్లలైరి నాకు."

2022ల రాహుల్ పాదయాత్ర సంగారెడ్డి దిక్కు పోయినప్పుడు కూడా రోడ్డు మీద నిలబడి చూసొచ్చింది. ఎట్లున్నడు అంటే, "మస్తు నడుస్తుండు. నానమ్మ ముక్కు రాలే" అన్నది.

సీమటపాకాయ (రాత్రి 9:21)

అమ్మకి ఒక దండం చెప్పు అన్నా. నా దగ్గర ఇవాళ టపాకాయలు అయిపోయాయి.